పొద్దున కీర్తన, రాత్రి క్లబ్ పాట: ఒకే గొంతుతో రెండూ పాడాలంటే

మాది విజయనగరం. తెల్లవారుజామున నాలుగున్నరకి మా ఇంట్లో శ్రుతిపెట్టె మోగేది. పైడితల్లమ్మ పండగ రాత్రుల్లో వీధి చివర స్టేజీ మీంచి క్లబ్ పాట, అంటే సినిమాల్లో క్లబ్ డాన్సులకి వచ్చే పాట, వినబడేది. పదేళ్ళ వయసులోనే నాకు ఆ రెండూ కావాలనిపించింది. ఇప్పుడు ముప్ఫై ఏళ్ళుగా విశాఖపట్నంలో ఉంటూ గుళ్ళలో కచేరీలు చేస్తున్నాను, ఆర్కెస్ట్రాల్లో పాడుతున్నాను, పిల్లలకి పాఠం చెబుతున్నాను. నా దగ్గరికొచ్చే ఆడపిల్లలకంటే ఎక్కువగా వాళ్ళ అమ్మలు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడం, ఆ పాటలు పాడితే నేర్చుకున్న సంగీతం పాడైపోదా?"

పాడవదు. కానీ దానికో పద్ధతి ఉంది. నాకు అది చెప్పినవాళ్ళు లేక చాలా ఏళ్ళు పోగొట్టుకున్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి పట్టుకోండి. క్లబ్ పాటకి వేరే గొంతు అక్కర్లేదు. మారేది ఎవరికి పాడుతున్నామన్నది. కీర్తన దేవుడికి పాడతాం. పదం అనే శృంగార పాట చెలికత్తెకో, అలిగి కూర్చున్న వాడికో పాడతాం. క్లబ్ పాట మాత్రం ముక్కూమొహం తెలియని రెండొందల మందిలో ఒక్కొక్కరికీ విడివిడిగా, చెవి దగ్గర చెప్పినట్టు పాడతాం. గొంతులో వచ్చే మార్పులన్నీ ఆ తర్వాత వాటంతటవే వస్తాయి. ముందు గొంతు మార్చి తర్వాత భావం వెతుక్కునేవాళ్ళు దెబ్బతింటారు. నేనూ అలాగే దెబ్బతిన్నాను, ఆ సంగతి ముందుకెళ్ళాక చెబుతాను.

పునాది

సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, కనీసం నాలుగు వర్ణాలు మూడు కాలాల్లో. ఇది అయ్యేదాకా స్టేజీ పాట జోలికి వెళ్ళొద్దని పిల్లలకి చెబుతాను. ఇదంతా ఏ గురువు దగ్గరైనా దొరికే పాఠమే కాబట్టి ఇక్కడ సాగదీయను. రెండు చేర్పులు మాత్రం నావి.

మొదటిది మంద్రస్థాయి, అంటే కింది స్వరాలు. పొద్దున లేచిన గంటలోపు, మధ్యస్థాయి షడ్జం నుంచి కిందికి ఒక్కో స్వరం అకారంలో దిగండి. పంచమం దగ్గర ఆగండి, ఇంకా కిందికి తోయొద్దు. నా శ్రుతి ఐదున్నర కట్టె. ఆ షడ్జం పట్టినప్పుడు స్వరతంత్రులు సెకనుకి దాదాపు 208 సార్లు కలిసి విడిపోతాయి. తారషడ్జానికి అది 415 అవుతుంది. ఆ సున్నితమైన రెండు పొరలు నిద్ర నుంచి లేవగానే అంత పని చేయలేవు. కింద నుంచి మెల్లిగా వేడెక్కించుకుంటూ రావాలి. క్లబ్ పాటలో బరువుగా, వెచ్చగా వినబడే కింది స్వరాలకి బలం ఈ మంద్రసాధనే ఇస్తుంది. సాయంత్రం ప్రోగ్రాంలో కింది పంచమం దగ్గర మీ మాట స్పష్టంగా వినబడిందంటే, అది పొద్దుటి కష్టానికి వచ్చిన ఫలం.

రెండోది నొట్టుస్వరాలు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకి సంస్కృతంలో సాహిత్యం రాశారు, అన్నీ శంకరాభరణ స్వరాల్లో. "శ్యామలే మీనాక్షి" మొదలుపెట్టగానే ఎల్‌కేజీ పిల్ల కూడా గుర్తుపట్టి నవ్వుతుంది, అది ట్వింకిల్ ట్వింకిల్ వరస. వాటిని చిన్నపిల్లల పాఠంగా తీసిపారేస్తారు. నేను వర్ణాలు వచ్చిన పిల్లలకి మళ్ళీ చెబుతాను. ఎందుకంటే వర్ణాలు పాడీపాడీ మన గొంతుకి ప్రతి స్వరాన్నీ ఊపడం అలవాటైపోతుంది. సాక్సఫోన్ పక్కన, కీబోర్డు స్వరాల మధ్య ఆ ఊపు శ్రుతి తప్పినట్టు వినబడుతుంది. నొట్టుస్వరం గమకం లేకుండా, గీత గీసినట్టు నిలబెట్టడం వస్తే, తర్వాత ఎక్కడ ఊపాలో ఎక్కడ ఊపకూడదో మీ చేతిలో ఉంటుంది. రెండు వందల ఏళ్ళ కిందటే మనవాళ్ళు ఆ వరసల్ని విని, నచ్చి, మన దేవుళ్ళ పేర్లు పెట్టి పాడుకున్నారని పిల్లలకి చెబుతుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

నేను చేసిన తప్పు

ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక ఆర్కెస్ట్రాలో క్లబ్ పాటలు పాడే అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయింది, ఆ పాటలు నాకిచ్చారు. రికార్డులో వినబడే ఆ జీర ఎలా వస్తుందో నాకు తెలియదు. గొంతు నొక్కిపెట్టి, దవడ బిగించి, ఆ జీర తెచ్చాను. జనం ఈలలు వేశారు. పదకొండో ప్రోగ్రాంకి మాట కూడా రాలేదు. గుసగుసగా మాట్లాడితే మంచిదనుకున్నాను. బిగబట్టిన గుసగుస ఇంకా చెరుపు చేస్తుందని డాక్టరు చెప్పారు. ఆరు వారాలు పాట లేదు. ఆ దసరాకి అమ్మవారి గుడిలో నా కచేరీకి వేరేవాళ్ళు కూర్చున్నారు, నేను వెనక స్తంభానికి ఆనుకుని విన్నాను.

తర్వాత అర్థమైంది. జీర రెండు రకాలు. ఒకటి గొంతు బిగించితే వచ్చేది, అది రాపిడి. రెండోది స్వరతంత్రులు పూర్తిగా మూసుకోకుండా కొంచెం గాలి జారితే వచ్చేది, అది నిట్టూర్పు. మనకి కావలసింది రెండోది, అదీ పాటంతా కాదు. మాట మొదట్లోనో చివర్లోనో ఒక్క అక్షరానికి గాలి కలిపి, వెంటనే శుభ్రమైన స్వరంలోకి వచ్చేయాలి. "రా" అనే మాట తీసుకోండి. ముందు మామూలుగా మధ్యమంలో పట్టండి. తర్వాత చిన్న నిట్టూర్పుతో మొదలుపెట్టి అదే మధ్యమంలో నిలబడండి. మూడోసారి శుభ్రంగా మొదలుపెట్టి చివర గాలిలో కలిపేయండి. మెడ మీద చెయ్యి పెట్టుకుని చూడండి. కండరం బిగుస్తుంటే ఆపేసి మంచినీళ్ళు తాగండి.

నవ్వు, వెక్కిళ్ళు, "హా" అని లాగడం, ఇవన్నీ కూడా స్వరాలే. నవ్వుని నేను "స ని ద ప" మీద నాలుగు ముక్కలుగా, తాళం వేస్తూ నేర్పుతాను. శ్రుతిలో, లయలో పడిన నవ్వు గొంతుకి బరువు కాదు. ఊరికే నవ్వబోతే పాట మధ్యలో ఊపిరి అయిపోతుంది.

గొంతు అలిసిన రోజున గ్లాసులో రెండు వేళ్ళ మందం నీళ్ళు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అని శ్రుతిలో ఊదండి. ఐదు నిమిషాలు చాలు. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల కషాయంతో కాలక్షేపం చేయకుండా చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

జావళి దగ్గర ఆగండి

కీర్తనకీ క్లబ్ పాటకీ మధ్య వంతెన ఉంది, మన ఇంట్లోనే ఉంది. క్షేత్రయ్య పదాలు, ఆ తర్వాత వచ్చిన జావళీలు. మొవ్వ గోపాలుడి పేరు మీద పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య రాసిన నాయికలు అలుగుతారు, దెప్పుతారు, పిలుస్తారు, తలుపు వేసేస్తారు. పదం చాలా నిదానంగా నడుస్తుంది. జావళి చురుగ్గా ఉంటుంది. ఖమాస్, కాపీ, బేహాగ్ లాంటి తేలిక రాగాల్లో, సూటి మాటల్లో ఉంటుంది. కచేరీ చివర తుకడాల్లో, అంటే చిన్న పాటల్లో, ఒకటి పాడేసి మంగళం ఎత్తుకుంటారు. నేనైతే ఒక్క జావళిని ఆరునెలలు చెబుతాను.

ధర్మపురి సుబ్బరాయర్ రాసిన కాపీ రాగం జావళి "పరులన్న మాట" తీసుకుందాం. ఎవరో ఏదో చెబితే నమ్మొద్దని నాయిక ప్రియుడికి చెప్పుకుంటోంది. ముందు పాఠాంతరం ప్రకారం, అంటే గురువు చెప్పినట్టే, ఒక్క సంగతి (పంక్తిని మార్చి పాడే తీరు) కూడా మార్చకుండా నేర్చుకోండి. నోటికొచ్చాక పుస్తకం మూసి, పల్లవిని పాడకుండా మాటగా చెప్పండి, మీ ఇంట్లో మనిషికి చెప్పినట్టు. మీ మాటలో ఏ అక్షరం మీద బరువు పడిందో చూసుకోండి. "పరులు" మీద పడిందా, "నమ్మ" మీద పడిందా? ఆ బరువుని పాటలోకి తీసుకురండి. అప్పుడు అదే పల్లవిని బతిమాలుతూ పాడండి, తర్వాత కోపంగా, ఆ తర్వాత భయంగా, చివరికి నవ్వు ఆపుకుంటూ. స్వరాలు అవే ఉండాలి, శ్రుతి అదే, తాళం అదే. మారేదల్లా అక్షరం పలికే వేగం, ఊపిరి, కళ్ళు. వీణ ధనమ్మాళ్ మనవరాలు, భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి తానే పాడుతూ అభినయం పట్టేవారు. ఒకే పంక్తి మళ్ళీ మళ్ళీ వస్తుంటే ప్రతిసారీ కొత్త అర్థం విప్పడం ఆ సంప్రదాయం. క్లబ్ పాటలో పల్లవి ఆరుసార్లు వస్తుంది. ఆరుసార్లూ ఒకేలా పాడితే మూడోసారికి జనం టీ తాగడానికి లేస్తారు.

కాపీ రాగాన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. అందులో సాధారణ గాంధారంతో పాటు అంతర గాంధారం అన్యస్వరంగా, అంటే బయటి నుంచి వచ్చిన చుట్టంలా, తొంగిచూస్తుంది. ఆ రెండు గాంధారాల మధ్య జారడం వచ్చిన అమ్మాయికి, జాజ్ వాళ్ళు బ్లూ నోట్ అనే దిగులు గాంధారం వేరే చెప్పక్కర్లేదు. ట్రంపెట్ ఆయన ఒకసారి వినిపిస్తే పట్టేస్తుంది.

లయ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరిన సంగీతం పిల్లలు అందరూ చేసే తప్పు ఒకటే, దెబ్బ మీద కచ్చితంగా కూర్చుంటారు. క్లబ్ పాట దెబ్బకి కాస్త వెనకో ముందో నడవాలి. మనకి అతీతం, అనాగతం తెలుసు కదా, తాళానికి ముందే ఎత్తుకోవడం అతీతం, తాళం వేశాక ఎత్తుకోవడం అనాగతం. ఆదితాళం వేస్తూ మీకు వచ్చిన ఏ గీతాన్నయినా అర అక్షరం ఆలస్యంగా ఎత్తుకుని చివరిదాకా లాక్కురండి. మొదటి వారం చికాకు పుడుతుంది. రెండో వారానికి అందులోని సుఖం తెలుస్తుంది. డ్రమ్స్ ఆయన ఊగుతున్నట్టు వాయిస్తున్నాడంటే అది చతురశ్రం (నాలుగు ముక్కల నడక) కాదు, లోపల తిశ్రం (మూడు ముక్కల నడక) నడుస్తోందని గుర్తు. "తకిట" అనుకుంటూ అందులో మొదటిదీ మూడోదీ పాడండి, ఆ ఊపు వచ్చేస్తుంది.

మైకు

గుడి కచేరీలో మైకు ముందు స్టాండులో ఉంటుంది, మనం కదలం. ఆర్కెస్ట్రాలో మైకు చేతిలో ఉంటుంది, అది మీ వాయిద్యం. నోటికి దగ్గరగా పెడితే గొంతులో బరువు పెరుగుతుంది, వెచ్చగా వినబడుతుంది. దూరం జరిపితే పల్చబడుతుంది. గుసగుసలాంటి మాటలకి రెండు వేళ్ళ దూరం, మామూలు పాటకి నాలుగు వేళ్ళు, తారస్థాయిలో తెరిచి పాడినప్పుడు జానెడు. దీన్ని ఇంట్లో దువ్వెన పట్టుకుని అద్దం ముందు సాధన చేయండి. నిజం మైకు దొరికే రోజు కోసం ఎదురుచూడకండి.

మన భాషకి మహాప్రాణాలు ఉన్నాయి. "భ", "ఫ", ఒక్కోసారి "ప" కూడా, గాలిని సూటిగా మైకులోకి కొట్టి స్పీకర్లో డబ్బుమని పేలతాయి. మైకుని పెదవికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి, గడ్డం వైపు వాలుగా పట్టుకుంటే గాలి పక్కనుంచి పోతుంది. "స", "శ" లు ఈలవేస్తే అదే చిట్కా. మైకు తల చుట్టూ అరచేయి మూయకండి, కూత పెడుతుంది. మానిటర్ వైపు, అంటే మన గొంతు మనకి వినిపించడానికి స్టేజీ మీద పెట్టే స్పీకరు వైపు, మైకు దించకండి, దానికీ కూతే. సౌండ్ అన్నయ్యతో సాయంత్రం ఐదింటికే వెళ్ళి మాట్లాడండి. "అన్నా, మానిటర్లో నా గొంతు, కీబోర్డు మాత్రం ఇవ్వండి, ఎకో తగ్గించండి" అని చెప్పండి. మీ గొంతు మీకు వినబడకపోతే అరుస్తారు, అరిస్తే మర్నాడు పొద్దున భూపాళ రాగం పలకదు.

ఇక శ్రుతి. రికార్డులో ఉన్న శ్రుతిలోనే పాడాలనే పట్టుదల వదిలేయండి. కీబోర్డు ఆయన్ని రెండు మెట్లు దించమనండి, ఆయనకి అది ఒక బటన్. ఆశా భోంస్లే హిందీలో ఎన్ని కాబరే పాటలు, అంటే మన క్లబ్ పాటలే, పాడారో అందరికీ తెలుసు. అదే ఆవిడకి 1981లో ఉమ్రావ్ జాన్ సినిమా గజళ్ళు ఇచ్చినప్పుడు సంగీత దర్శకుడు ఖయ్యాం మామూలు కంటే శ్రుతి దించి పాడించారు. ఆ పాటలకి జాతీయ పురస్కారం వచ్చింది. శ్రుతి దించినందుకు ఆవిడ ఏమీ తగ్గలేదు, గొంతులో ఎవరూ వినని లోతు బయటికొచ్చింది.

ఎవరిని వినాలి

ఎల్.ఆర్. ఈశ్వరిని వినండి. కోరస్‌లో మొదలుపెట్టి, తెలుగు తమిళాల్లో క్లబ్ పాట అంటే ఈమే అనిపించుకున్నారు. తమిళనాట ఆడి మాసంలో మారియమ్మ గుళ్ళ మైకుల్లో మోగే అమ్మవారి పాటలు కూడా ఈవిడవే. రెండూ పక్కపక్కన పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌లో వినండి. గొంతు ఒకటే. మాట మొదలుపెట్టే తెగువ కూడా ఒకటే. అక్కడ అమ్మవారిని పిలుస్తోంది, ఇక్కడ హాలుని పిలుస్తోంది. నేను మొదట్లో చెప్పింది మీకు అక్కడ వినబడుతుంది.

మా ఊరి సంగీత కళాశాల 1919లో మొదలైతే దానికి తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథ అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. గజ్జె కట్టి, చిరతలు పట్టి, రాగం పాడుతూ, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించి, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషిని పలకరించి, మళ్ళీ తోడిలోకి వెళ్ళడం. క్లబ్ గాయని చేయాల్సింది అదే. బల్లల మధ్య నడుస్తూ పాడటం ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచే నేర్చుకోనక్కర్లేదు. దొరికితే ఒక మంచి హరికథ మూడు గంటలు కూర్చుని చూడండి, ముఖ్యంగా పాట నుంచి మాటలోకీ, మాట నుంచి పాటలోకీ ఆ కథ చెప్పే హరిదాసుగారు ఎక్కడ దాటుతున్నారో గమనించండి.

ఫ్రెంచివాళ్ళ మాట వచ్చింది కాబట్టి, కాబరే పుట్టిన పారిస్‌లో ఇవెట్ గిల్బెర్ అనే ఆవిడ ఉండేది. పొడవాటి నల్ల చేతితొడుగులు వేసుకుని, దాదాపు కదలకుండా నిలబడి, సగం మాట సగం పాటగా పాడేది. చిత్రకారుడు తులూజ్ లోట్రెక్ ఆవిడ బొమ్మలు గీశాడు. తర్వాతి కాలంలో ఆవిడే తమ దేశపు పాతకాలపు పాటలు వెతికి, నేర్చుకుని, పాడి, నేర్పింది. మాట మీద అంత ప్రేమ ఉన్న మనిషి చివరికి పాత పాటల దగ్గరికి చేరడం నాకు చాలా సహజంగా తోస్తుంది.

ఎవరైనా కాదన్నప్పుడు

ఒక సభవాళ్ళు నాకు కచేరీ ఇచ్చి, ఆహ్వానపత్రాలు కూడా వేసి, వారం ముందు రద్దు చేశారు. హోటల్లో క్లబ్ పాటలు పాడే ఆవిడ మా వేదిక మీద త్యాగరాజు కృతి పాడటమేమిటన్నారు. ఆ రాత్రి నేను చాలా ఏడ్చాను. కానీ నాకు బెంగళూరు నాగరత్నమ్మ గుర్తొచ్చింది. దేవదాసీ ఇంట పుట్టి, 1910లో ముద్దుపళని అనే కవయిత్రి శృంగార కావ్యాన్ని ధైర్యంగా అచ్చువేయించిన ఆవిడే, తర్వాత తన సొమ్ము పెట్టి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి మందిరం కట్టించింది. ఇవాళ అక్కడ ఆరాధన జరుగుతోందంటే అందులో ఆవిడ ధర్మం ఉంది. అందుకని పిల్లలకి చెబుతాను: మీరు పాడే రెండోదాన్ని ఎవరి ముందూ దాచకండి. దాచినది ఎవరో బయటపెడితే అది తప్పులా కనబడుతుంది. అడగకముందే చెప్పండి.

అలాగే, ప్రోగ్రాం ఒప్పుకునేటప్పుడే స్టేజీ ఎక్కడ, ఎన్ని గంటలకి అయిపోతుంది, తిరిగి ఇంటికి బండి ఎవరు పంపుతారు, డబ్బులు ఎప్పుడు ఇస్తారు అన్నీ అడిగేయండి. చీర కడతారా, గౌను వేసుకుంటారా అన్నది మీ ఇష్టం. నేను పట్టుచీరలోనే క్లబ్ పాట పాడతాను, ఏ లోటూ రాలేదు.

ప్రోగ్రాం ఉన్న రోజు

పొద్దున మంద్రం అరగంట, ఒక వర్ణం, రెండు కాలాల్లో. మధ్యాహ్నం పెరుగన్నం తిని పడుకోండి, ఫోన్ మాట్లాడకండి. సాయంత్రం తినాల్సిందేదో స్టేజీకి రెండు గంటల ముందే అయిపోవాలి. గొంతులోకి పులుపు ఎగదన్నే మిర్చి బజ్జీలు ఆ పూటకి వద్దు. మొదటి పాట అమ్మవారిదో, వినాయకుడిదో ఉంటుంది కదా, దాన్ని గొంతు వేడెక్కడానికి వాడుకోండి. క్లబ్ పాటలు రెండింటికంటే ఎక్కువ వరసగా పెట్టనివ్వకండి, మధ్యలో ఒక మెలోడీ ఉండేలా లిస్టు రాసే ఆయనతో ముందే చెప్పుకోండి. జావళి ఒకటి ధైర్యంగా అడగండి. తబలా, కీబోర్డుతో ఖమాస్‌లో నేను పాడిన జావళికి పండగ జనం చప్పట్లు కొట్టిన రాత్రులు నాకు ఉన్నాయి.

దిగాక వేదిక పక్కన గట్టిగా కబుర్లు పెట్టుకోకండి, పాటకంటే ఆ కేకలే గొంతుని ఎక్కువ తింటాయి. ఇంటికొచ్చి స్ట్రా గ్లాసు తీసుకుని మూడు నిమిషాలు, పై నుంచి కిందికి దిగుతూ. ఎంత రాత్రయినా ఇది మానొద్దు. మర్నాడు నాలుగున్నరకి లేవలేకపోతే ఆరింటికి లేవండి. శ్రుతిపెట్టె పెట్టి, ముందు ఐదు నిమిషాలు ఊరికే వినండి. తర్వాత నోరు మూసుకుని "మ్" అని షడ్జం పట్టండి. అది వణక్కుండా నిలబడితే మాయామాళవగౌళలో సరళీ వరసలు మొదటి కాలంలో ఎత్తుకోండి.